పదో కాగితం

ఫిబ్రవరి 21, శుక్రవారం

సోమవారం అమ్మ కంటి ఆపరేషన్. వారం పాటు ఫ్యాక్టరీ మొహం చూడక్కర్లేదు.

సంతకం పెట్టిన కాగితాలు సొరుగులో పెట్టి వచ్చాను. పది. అన్నీ ఖాళీ డీవియేషన్ ఫారాలే, కింది గడిలో మాత్రం నా సంతకం. టెస్టులో సరుకు కాస్త అటూ ఇటూ అయినా పంపించొచ్చు అని చెప్పే కాగితం అది. స్టిక్కర్ వంకరగా పడింది, రంగు తేడా వచ్చింది, అట్టపెట్టె నలిగింది, ఇలాంటివాటికి వాడతాం. క్వాలిటీ సంతకం, అంటే నాది, ముందు పడాలి. అది లేందే మిగతా నలుగురూ పెన్ను తియ్యరు. నేను లేనప్పుడు లారీ ఆగిపోకూడదని ముందే సంతకాలు పెట్టి వెళ్తాను. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన నేర్పిన పద్ధతి ఇది. ఆయన ఇరవై పెట్టేవాడు. నేను జాగ్రత్త మనిషిని, పదితో ఆపుతాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ఆపరేషన్ బాగా జరిగింది. అంతకుముందు ఆస్పత్రివాళ్లు నాలుగు పేజీల కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ప్రతి లైనూ చదివాను. రెండు చోట్ల డౌట్లు అడిగాను. నర్సు విసుక్కుంది.

మార్చి 3, సోమవారం

తొమ్మిదే ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిదే.

మార్చి 3, మధ్యాహ్నం మూడు

ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగాను. ఆయన్ని మేమందరం వెనకాల ఫైనల్ సార్ అంటాం. టీలో చక్కెర తక్కువైందన్నా చివర 'ఇది ఫైనల్' అంటాడు. ఆ కాగితం బుధవారం వాడామని చెప్పాడు. చిన్న విషయమేనట. మడత నిచ్చెనలు ఆరు వందలు, లాక్ దగ్గర ఏదో కాస్త తేడా. ఎనిమిది షాపులకి వెళ్లిపోయాయి. అమ్మగారి కన్ను ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను.

లాక్ అన్న మాట విన్నాక నా చేతిలో టీ కప్పు కింద పెట్టడం మర్చిపోయాను. చల్లారాక తాగాను.

మార్చి 4, మంగళవారం

టెస్టింగ్ చూసేది బాబాయ్. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయే. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. వచ్చే ఏడు రిటైర్మెంట్. మనిషికి నోట్లో నాలుక లేదు గానీ రిజిస్టర్‌లో రాసింది మాత్రం గోడ మీద రాసినట్టే.

రిజిస్టర్ తెరిచి చూపించాడు. మడత విప్పి నిలబెడితే నిచ్చెన నడుము దగ్గర లాక్ టక్కున పడాలి. ఈసారి కొత్త కంపెనీ స్ప్రింగులు వచ్చాయి, చవక. ఎనిమిది నిచ్చెనలు నిలబెట్టి, మెట్టు మీద నూట యాభై కిలోల ఇసుక బస్తాలు పెట్టాడు. మూడింటికి లాక్ ఊడి నిచ్చెన నడుము దగ్గర మడతపడింది. ఎర్ర పెన్నుతో రాశాడు. కింద రెండు గీతలు కూడా కొట్టాడు.

మరి ఎందుకు పంపనిచ్చావని అడిగాను. గట్టిగానే అడిగానేమో.

"నీ సంతకం చూసి ఊరుకున్నానమ్మా," అన్నాడు. "నువ్వు పెట్టావంటే చూసే పెట్టి ఉంటావు కదా."

ఆయనే సర్దిచెప్పాడు, మిగతా అయిదూ గట్టిగానే ఉన్నాయని.

మార్చి 5, బుధవారం

ఏమీ చెయ్యలేదు.

మార్చి 7, శుక్రవారం

పొద్దున ఎండీ గారి గదిలో మీటింగ్. నేనే పెట్టించాను. ఆరు వందల నిచ్చెనలూ వెనక్కి పిలిపిద్దామన్నాను. పర్చేజ్ ఆయన స్ప్రింగుల కంపెనీకి ఘాటుగా లెటర్ రాస్తానన్నాడు. సేల్స్ ఆవిడ వెనక్కి పిలిస్తే షాపులవాళ్లు మళ్లీ మన గడప తొక్కరంది. ఫైనల్ సార్ నూట యాభై కిలోల మనిషి నిచ్చెన ఎందుకెక్కుతాడని అడిగాడు. అందరూ నవ్వారు. నాకూ కాస్త నవ్వొచ్చింది, అది రాయకుండా ఉండలేను.

అప్పుడు ఎండీ గారు ఫారం చూడాలన్నారు. తెప్పించారు. కింది గడిలో నా సంతకం. దాని పైన నాలుగు సంతకాలు, ఆయనదే చివరిది. క్వాలిటీ ఒప్పుకుందని చూసే అందరూ పెట్టారు. ఏ ఒక్కరూ చదవలేదు. ఆ గదిలో చెడ్డవాళ్లెవరూ లేరు. కంప్లయింట్లు వస్తే చూద్దాం అనుకున్నారు. మినిట్స్‌లో 'గమనిస్తూ ఉండాలి' అని రాశారు.

ఆ రోజు నేను సెలవులో ఉన్నానని ఎందుకు చెప్పలేదు? చెప్తే ఖాళీ కాగితాల సంగతి బయటికొస్తుంది. నా ఉద్యోగం పోతుంది. మరో చోట క్వాలిటీ కుర్చీ దగ్గరికి ఎవరూ రానివ్వరు. అంతే కారణం. ఇంకేదైనా గొప్ప కారణం ఉందేమోనని సాయంత్రం దాకా వెతుక్కున్నాను.

మార్చి 15, శనివారం

అమ్మ కన్ను బాగుపడింది, ఇంట్లో మాకు మనశ్శాంతి పోయింది. ఫ్యాను మీద దుమ్ము, కిటికీ ఊచల వెనక మట్టి, నా తలలో తెల్లవెంట్రుకలు, అన్నీ కనిపిస్తున్నాయి ఆవిడకి. హాల్లో పైమూల సాలెగూడు ఉందట. ఇన్నాళ్లూ ఈ కొంపలో ఎలా ఉన్నారే అంటోంది.

ఆ బ్యాచ్‌లో మిగిలిపోయిన నిచ్చెన ఒకటి అడిగి ఇంటికి తెచ్చాను. బాల్కనీలో నిలబెట్టాను. లాక్ టక్కుమంది. ఎక్కాను, దిగాను. పదకొండుసార్లు. ఏమీ కాలేదు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి సర్కస్‌లో చేరుతున్నావా అని అడిగాడు. టికెట్ కొనుక్కుని చూడమన్నాను.

సాలెగూడు దులపడానికి మాత్రం కుర్చీ వేసుకున్నాను. అమ్మ నిచ్చెన తియ్యమంది. వద్దన్నాను.

మార్చి 19, బుధవారం

కంప్లయింట్లు లేవు.

మార్చి 20, గురువారం

లేవు.

మార్చి 27, గురువారం, పొద్దున పదకొండు

కస్టమర్ కేర్ అమ్మాయి లైను నాకు కలిపింది. ఒకావిడ. భర్త పెయింటర్. స్కూల్లో గోడకి రంగు వేస్తుంటే నిచ్చెన నడుము దగ్గర మడతపడిందట. రంగు డబ్బాతో సహా కింద పడ్డాడు. వెన్నులో రెండు ఎముకలు విరిగాయి. కాళ్లు కదులుతున్నాయా అని అడిగాను. ఎడమది కదులుతోందంది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కొన్నప్పుడు నిచ్చెన మీద 'టెస్ట్ చెయ్యబడినది' అని స్టిక్కర్ ఉందనీ, మరి ఎవరు టెస్ట్ చేశారో కనుక్కుందామని ఫోన్ చేశాననీ చెప్పింది. వివరాలు రాసుకున్నాను. ఊరు, వీధి, ఇంటి నంబరు. అక్షరాలు చక్కగా పడ్డాయి. పడకపోతే బాగుండేది.

మార్చి 28, శుక్రవారం

ఎండీ గారిని మళ్లీ అడిగాను, మిగతావి వెనక్కి పిలుద్దామని. ఇప్పుడు పిలిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని కంపెనీ లాయర్ అన్నాడట.

మొన్న ఏ తప్పూ జరగలేదని పిలవలేదు. ఇప్పుడు జరిగిందని పిలవరు.

ఏప్రిల్ 3, గురువారం

ఎండీ గారు పిలిచి కూర్చోమన్నారు. కాఫీ తెప్పించారు. ఫారం మీది తేదీనాడు నేను సెలవులో ఉన్నానని లాయర్ పట్టుకున్నాడు. నన్ను కాపాడే బాధ్యత తనదన్నారు. ఆ బుధవారం సాయంత్రం నేను పది నిమిషాలు ఫ్యాక్టరీకి వచ్చాననీ, టెస్టింగాయన గట్టిగా ఉన్న అయిదే చూపించాడనీ నేను చెప్తే చాలట. ఎర్ర గీతలు తర్వాత కొట్టుకున్నాడంటే కాదనేవాళ్లెవరూ లేరు. బాబాయ్‌ని వెంటనే పంపించేస్తారు. ఎలాగూ వచ్చే ఏడు వెళ్లేవాడే కదా అన్నారు. పాపం, ఆయన గొంతులో కూడా నిజంగానే బాధ ఉంది.

నేను సరేనని తలూపాను. తల దానంతటదే ఊగింది.

ఇంటికొచ్చి మా ఆయనకి మొత్తం చెప్పాను, పది కాగితాలతో సహా. లేచి వెళ్లి టీవీ కట్టేశాడు. తర్వాత, నీకేం చెయ్యాలనుంది అని అడిగాడు. నిద్రపోవాలనుందన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

లంచ్ టైములో బాబాయ్ నా గదికి వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. స్టేట్‌మెంట్. ఫైనల్ సార్ ఇచ్చి సంతకం పెట్టమన్నాడట. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడట. ఆ జోడు ఆయన జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది.

"నువ్వు చదివి సరే అంటే పెట్టేస్తానమ్మా."

చదివాను. మూడు మంచి వాక్యాలు, తప్పుల్లేవు. మూడు నిచ్చెనలు ఫెయిలైన సంగతి మేడంకి చెప్పకుండా దాచానని ఉంది.

నేను తలెత్తేసరికి ఆయన నావంకే చూస్తున్నాడు. అందులో ఏముందో ఆయనకి తెలుసు. నేనేమంటానో చూడ్డానికే వచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు నిచ్చెనల మీద బస్తాలు పెట్టి ఏది ఆగుతుందో చూసిన మనిషి.

సిగ్గేసింది. నెల రోజుల్లో నాకు అనిపించిన మొదటి సంగతి అది. ఒళ్లంతా మండినట్టు సిగ్గేసింది.

పెట్టొద్దు బాబాయ్ అన్నాను. కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం, పొద్దున తొమ్మిది

సెలవు రోజు. మనుషులు లేకపోతే ఫ్యాక్టరీ చిన్నదిగా కనిపిస్తుంది. సొరుగులోంచి తొమ్మిది ఫారాలూ తీశాను.

ప్రతిదాని మీదా ఒకటే రాశాను. బ్యాచ్ నంబరు. ఎనిమిదిలో మూడు ఫెయిల్. టెస్ట్ చేసినాయన ఆ రోజే ఎర్ర పెన్నుతో రాశాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను, ఖాళీ కాగితం మీద ముందే సంతకం పెట్టి వెళ్లాను. ఈ నిచ్చెనలు అమ్మకండి, అమ్మినవాళ్లకి ఫోన్ చేసి ఎక్కొద్దని చెప్పండి.

ఎనిమిది, ఎనిమిది షాపులకి. తొమ్మిదోది పెయింటర్ ఇంటికి. దాని మీద ఇంకో వాక్యం రాశాను, టెస్ట్ చేసింది ఎవరని అడిగారు, ఆయన సరిగ్గానే చేశాడు, చూడనిది నేను అని.

సంతకం పెట్టే పని లేదు. తొమ్మిదింటి మీదా ఉంది.

ఫొటోలు తీసి షాపులన్నిటికీ మెయిల్ చేశాను. ఎండీ గారికి కూడా. తర్వాత నడుచుకుంటూ వెళ్లి కొరియర్‌లో వేశాను. రసీదులు తొమ్మిది. దార్లో టీ తాగాను. బాగుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఫోన్ ఇరవై మూడు సార్లు మోగింది. అమ్మ ఎత్తవేమే అంటోంది. మూడు షాపులవాళ్లవి ఎత్తాను. నూట నలభై నిచ్చెనలు ఇంకా అమ్మలేదట. మిగతావి ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో.

ఏప్రిల్ 7, సోమవారం

గేటు దగ్గర నా కార్డు పనిచెయ్యలేదు. వాచ్‌మన్ తల దించుకుని విజిటర్ల రిజిస్టర్ ఇచ్చాడు, సంతకం పెట్టమన్నాడు.

పైనుంచి కిందిదాకా చదివాను. అప్పుడు పెట్టాను.