నా వైపు బ్రేకు

అక్కకి,

తిట్టడం మొదలుపెట్టే ముందు చివరిదాకా చదవమని బతిమాలుకుంటూ తమ్ముడు రాసేది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఇరవై ఎనిమిదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదానివి. నీ ఎదుట నాకు వాక్యం పూర్తి కాదు.

అమ్మ నీకు చెప్పినదాంట్లో సగం అబద్ధం. మన హారన్‌కి పోలీసులు బేడీలు వెయ్యలేదు. జీపు కూడా ఎక్కించలేదు. ఎక్కించడానికి ఆ జీపు ముందుభాగం సరిగ్గా ఉంటే కదా! పుట్టిన రోజున దాని ఏడుపు విని, "ఇది పిల్ల కాదురా, హారన్" అని పేరు పెట్టింది నువ్వే. పదహారున్నరేళ్ళకి అది ఊరంతా వినబడేలా మోగింది.

జరిగింది ఇదీ. పోయిన మంగళవారం చీకటి పడే వేళ నా డ్రైవింగ్ స్కూలు కారు, పాఠాలు చెప్పే మైదానం నుంచి ఇంటికి వస్తోంది. స్టీరింగు దగ్గర హారన్, పక్క సీట్లో నేను. మార్కెట్ మలుపులో కారు ఉన్నపళంగా ఆగిపోయింది. వెనక వస్తున్న జీపు వచ్చి మా డిక్కీలో దూరింది. "అయ్యో, మాస్టారూ!" అని జీపులోంచి కేక. గొంతు పోల్చుకున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాడే. ఇక ఆగుతానా? దిగీ దిగగానే అందుకున్నాను. "ముందు బండికీ నీకూ ఎంత దూరం ఉండాలి? ఎన్నిసార్లు చెప్పాను?" వాడు పాపం నడిరోడ్డు మీద చేతులు కట్టుకుని "రెండు బండ్ల దూరం మాస్టారూ" అని అప్పజెప్పాడు. నేను ఇంకో నాలుగు చివాట్లు తగిలించాక వాడి పక్కనుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. అది పోలీసు జీపని అప్పటిదాకా నాకు తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు నన్ను వదిలేసి స్టీరింగు వైపు వెళ్ళాడు. "నీ వయసెంతమ్మా?"

"పదహారున్నర సార్. నాన్నకి తెలీకుండా తాళాలు తీసుకుని బండి తెచ్చాను. నాన్న సందు చివర చూసి, పరిగెత్తుకొచ్చి పక్కన ఎక్కారు. బ్రేకు కూడా నేనే వేశాను."

విన్నావా! ఇరవై రెండేళ్ళ నుంచి ఈ స్కూలు నడుపుతున్నాను. పద్దెనిమిది నిండకుండా ఒక్కరిని స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. పెద్దాసుపత్రి డాక్టరు తన కొడుకుని వెంటబెట్టుకొచ్చి "రెండు నెలలేనండీ తక్కువ" అంటే, "అయితే రెండు నెలలాగి రండి" అని గుమ్మంలోంచే పంపేశాను. అలాంటి నా ఇంట్లో ఇలాంటి పని!

కేసు మా ప్లీడరు బావమరిది చూస్తున్నాడు. పొలం గట్ల తగాదాలు తప్ప ఇంకో కేసు ఎరగని మనిషి. ఇప్పుడు పిల్లల చట్టం పుస్తకం కొనుక్కుని, పరీక్షకి కూర్చునేవాడిలా ఎర్ర గీతలు గీస్తున్నాడు. మైనరు బండి నడిపితే ఇంటి పెద్దే ఇచ్చాడని చట్టం ముందే అనుకుంటుందట. తనకి తెలియకుండా జరిగిందని తేలితేనే ఆ పెద్దమనిషి బయటపడతాడు. కాబట్టి పిల్ల చెప్పిన మాటతో నేను బయటపడినట్టే. కాకపోతే, దొంగచాటుగా బండి తీసిందని తేలితే దానికి పాతికేళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరట. నా తర్వాత స్కూలు తనే నడుపుతానని ఐదో ఏట నుంచీ చెబుతున్న పిల్ల! ఇరవయ్యో తారీఖున పిల్లల కోర్టులో విచారణ.

పేపర్లో కూడా పడింది. "ఒక మైనరు బాలిక" అని రాశారు, పేరు వెయ్యలేదు. వెయ్యకూడదట, అదీ చట్టమే. అమ్మకి ఇది నచ్చలేదు. "పక్కింటివాడికి బొమ్మల పోటీలో మూడో బహుమతి వస్తే ఫొటోతో సహా వేశారు. పోలీసు జీపునే ఆపిన పిల్లకి పేరైనా వెయ్యరా?" అని రెండు రోజులు పేపరు ముట్టుకోలేదు.

నువ్వు దానికి గట్టిగా బుద్ధి చెబుతూ ఒక ఉత్తరం రాయి. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయేమిటా అనుకోకు. కొత్త పెన్ను, సిరా ఎక్కువ కారుతోంది.

క్రమశిక్షణలో నీకేమాత్రం తీసిపోని,
తమ్ముడు


అక్కా,

నీ జవాబు అందింది. నేను నాలుగు పేజీలు రాస్తే నువ్వు రెండు ముక్కలు రాశావు. "అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. నిజం రాయి." దాన్ని హారన్ చేతే చదివించుకున్నాను. చదివి నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

నాకు కళ్ళు కనబడటం లేదక్కా. ఇదిగో, రాసేశాను. ఏడాదిగా మసక. పగలు ఫరవాలేదు, పొద్దువాలితే మనుషులూ స్తంభాలూ ఒక్కటే. శుక్లాలే అయివుంటాయి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాట కాగితం మీద పెడతాడు. ఆ కాగితం బయటికొస్తే నా లైసెన్సు పోతుంది, స్కూలు మూతపడుతుంది. అందుకని వెళ్ళలేదు. పగలు పాఠాలు చెవులతో చెబుతున్నాను. ఇంజను మూలిగితే గేరు మార్చమంటాను, పక్కవాడు ఊపిరి బిగబడితే నా వైపు బ్రేకు తొక్కుతాను. ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చానో తలచుకుంటే ఇప్పుడు చెమటలు పడుతున్నాయి.

సాయంత్రం కారు ఇంటికి తేవడమే గండం. ఆరు నెలల కిందట, కొడుకుని తెచ్చాడని రాశానే, ఆ పెద్దాసుపత్రి డాక్టరు గారి ఇంటి మలుపులో, దారి అనుకుని గోడ వైపు తిప్పాను. బరబరమని చప్పుడు. హారన్ పక్కనే ఉంది. దిగి చూసి వచ్చి, "ఏం కాలేదు నాన్నా, కొంచెం తగిలిందంతే" అంది. తర్వాత నా వైపు తలుపు తీసి, "మీరు ఇటు రండి, నేను నడుపుతాను" అంది. నేను మారు మాట్లాడకుండా దిగాను. దానికి విడిగా నేర్పిందేమీ లేదు. ఐదేళ్ళప్పటి నుంచీ పాఠాలప్పుడు వెనక సీట్లో కూర్చుని, "అంకుల్, క్లచ్!" అని అరిచే పిల్ల అది. ఆ రోజు మొదలు రోజూ కాలేజీ నుంచి మైదానానికి వచ్చి, నన్నూ కారునీ ఇంటికి చేర్చేది. నీ మరదలు చూడకూడదని కారు సందు చివరే ఆపేవాళ్ళం. డాక్టరు కొడుకుని రెండు నెలలకే గుమ్మంలోంచి పంపేసిన నేను, నా కూతురికి రెండేళ్ళ ముందే తాళాలిచ్చాను.

ఆ మంగళవారం అది చక్కగానే నడుపుతోంది. నాకు ఎదురుగా తెల్లగా ఏదో చిన్నది పరిగెడుతున్నట్టు అనిపించింది. ఎవరి పిల్లో అనుకున్నాను. కాలు దానంతటదే లేచి నా వైపు బ్రేకు మీద పడింది. నేర్పే బండిలో పక్క సీటువాడి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుందని ఇన్‌స్పెక్టరుకి తట్టలేదు. పరిగెత్తింది ఏమిటో తెలుసా? గాలికి కొట్టుకుపోతున్న ప్లాస్టిక్ సంచి.

అది అబద్ధం మీద అబద్ధం చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. జీపు నడిపేవాడి మీద అంత గొంతు లేచిందే, నా బిడ్డ నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే ఒక్క మాట పెగల్లేదు. సిగ్గుగా ఉందక్కా. ఇంటికొచ్చాక "ఎందుకలా చెప్పావే" అంటే, "మీరు ఊరుకోండి నాన్నా, పిల్లల కేసు పెద్ద సీరియస్సేం కాదు" అంది. పాతికేళ్ళ మాట ప్లీడరు తర్వాత చెప్పాడు. విని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. బయటికొచ్చాక కూడా మాట మార్చలేదు.

ఇరవయ్యో తారీఖున లేచి అంతా చెప్పేస్తాను. స్కూలు పోతే పోనీ. బావమరిదికి చెప్పలేదు, చెబితే పుస్తకంలో ఇంకో ఎర్ర గీత గీసి అడ్డుపడతాడు. నీ మరదలికి కళ్ళ సంగతే తెలియదు. నువ్వు కూడా అప్పటిదాకా నోరు విప్పకు. నీకు కష్టమే, తెలుసు.

నీ పిరికి
తమ్ముడు


మా హెడ్‌మిస్ట్రెస్ గారికి,

ఈ ఉత్తరంలో అక్షరాల సైజు చూశావా? ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కంటికి వచ్చే నెల. ఇక జరిగింది విను.

పిల్లల కోర్టంటే బోను, సుత్తి, ఎత్తు కుర్చీ ఉంటాయనుకుని, రాత్రంతా బోనులో ఎలా నిలబడాలో సాధన చేశాను. తీరా వెళ్తే అదొక మామూలు గది. గుండ్రటి బల్ల, గోడల మీద పిల్లలు వేసిన బొమ్మలు, డబ్బాలో రంగు పెన్సిళ్ళు. పిల్లలు భయపడకూడదని అక్కడ నల్ల కోట్లూ ఖాకీ బట్టలూ వేసుకోరట. ఇన్‌స్పెక్టరు పూల చొక్కాలో వచ్చాడని హారన్ చెవిలో చెప్పింది. అమ్మ ఆయన్ని ఆఫీసు మనిషనుకుని, "నాయనా, కాసిని మంచినీళ్ళు" అంది. పాపం, తెచ్చిచ్చాడు. మా ప్లీడరు బావమరిదిని కోటు విప్పమన్నారు. ఆయన అలిగి, విప్పి, మూలనున్న స్టాండుకి తగిలించాడు. నేను అది గమనించలేదు. గమనించే కళ్ళుంటే ఇంత దూరం వచ్చేదే కాదుగా.

కేసు పిలిచారు. కూర్చుంటే మళ్ళీ నోరు పడిపోతుందని వెంటనే లేచాను. జడ్జి కోసం వెతికాను. గదిలో అందరూ రంగురంగులుగా అలుక్కుపోయి ఉన్నారు. మూలన ఒక్కరే నల్లగా, పొడుగ్గా, హుందాగా నిలబడి ఉన్నారు. నేరుగా వెళ్ళి చేతులు జోడించాను.

"అయ్యా, మా అమ్మాయి చెప్పిందంతా అబద్ధం. తాళాలు ఇచ్చింది నేను. ఆరు నెలలుగా నడిపించింది నేను. బ్రేకు నొక్కింది కూడా నేనే. నాకు చూపు ఆనదు. ఆ సంగతి దాచాను. నన్నేం చేసినా సరే, దాని లైసెన్సు మాత్రం ఆపకండయ్యా." ఇంకా చాలా చెప్పాను. గోడ సంగతి, సంచి సంగతి, ఆ రోజు నోరు పెగలని సంగతి. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇంత ఓపికగా వినే పెద్దమనిషి ఉంటాడా అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

నేను ఆగాక వెనకనుంచి ఒక ఆడగొంతు వినబడింది. "మాస్టారూ, నేను ఇక్కడున్నాను. అది ప్లీడరు గారి కోటు."

ఎవరూ నవ్వలేదు. ఒక్క అమ్మ నవ్వింది. తర్వాత హారన్ ఏడ్చింది. పుట్టిన రోజున ఏడ్చినట్టే ఏడ్చింది. బల్ల దగ్గర, మా మధ్యనే కూర్చున్న ఆ జడ్జిగారు లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపించారు. "మీకు చూపు ఆనదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు లెండి" అన్నారు. తర్వాత దాని వైపు తిరిగి, "ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?" అని అడిగారు.

"నన్నైతే పిల్లని కదా, మందలించి వదిలేస్తారు అనుకున్నాను మేడమ్. నాన్నకి కనబడదని తెలిస్తే ఇంకెవరూ మాస్టారూ అని పిలవరు. పిలవకపోతే నాన్న తట్టుకోలేరు."

"మీ అమ్మకి చెప్పలేకపోయావా?"

"అమ్మకి చెబితే నాన్న పరువు పోతుందని..."

జడ్జిగారు అందరినీ ఒకసారి చూసి, "ఈ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?" అన్నారు. అలవాటు కొద్దీ చెయ్యెత్తబోయి దించుకున్నాను.

తీర్పేమిటంటే, హారన్‌ని మందలించి వదిలేశారు. తండ్రే బండి ఇచ్చాడు కాబట్టి పాతికేళ్ళ నిషేధం లేదు, పద్దెనిమిది నిండగానే లైసెన్సుకి రావచ్చు. ఎనిమిది ఆదివారాలు చిన్నపిల్లలకి రోడ్డు నియమాలు చెప్పాలి. అది చెబితే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. మొదటి ఆదివారమే ఇద్దరు తండ్రులని హెల్మెట్ లేదని వెనక్కి పంపింది. నా మీద కేసు వేరే కోర్టులో నడుస్తుంది. నడవనీ. కంటి డాక్టరు కాగితం ఇచ్చేదాకా నేను స్టీరింగు ముట్టకూడదు, స్కూలు తెరవకూడదు. బోర్డు తిరగేసి పెట్టాను. బాధగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పడుతోంది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. బయటికొచ్చాం. డిక్కీ బాగుచేయించిన కారు వాకిట్లో ఉంది. పొద్దున తెచ్చిన మెకానిక్కు అక్కడ వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంటికెవరు నడపాలి? నేను నడపకూడదు. హారన్ నడపకూడదు. ప్లీడరుకి సైకిలు కూడా రాదు. అందరం కారు చుట్టూ నిలబడ్డాం. అప్పుడు నీ మరదలు చేతిసంచి తెరిచి, ఒక కార్డు తీసి ఇన్‌స్పెక్టరుకి చూపించింది. లైసెన్సు! ఎనిమిదేళ్ళ కిందటిది! వెనక వీధిలోని డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుందట.

"ఇరవై రెండేళ్ళు స్కూలు నడుపుతున్న నన్ను పెట్టుకుని, వెనక వీధికా?" అన్నాను.

"మీరు నాకు మొదటి రోజు పాఠం చెప్పారు గుర్తుందా? ఇంటి గేటు దాటేలోపు పదకొండుసార్లు అరిచారు" అంది. "చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

చూశావా అక్కా. ఆరు నెలలుగా ఇంట్లో లైసెన్సున్న మనిషిని పెట్టుకుని, లైసెన్సు లేని పిల్లని నడిపించాను. నేను చిన్నబుచ్చుకోకూడదని ఇద్దరూ చెరొకటి దాచారు. వాళ్ళనేం అంటాను? దాచడం నేర్పింది నేనే.

జీవితంలో మొదటిసారి నా కారులో వెనక సీట్లో కూర్చున్నాను. నీ మరదలు నడుపుతోంది. నా కాలు మాత్రం ఊరుకోదే! ప్రతి మలుపులోనూ లేని బ్రేకుని తొక్కుతోంది. హారన్ నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇక్కడ బ్రేకు లేదు నాన్నా. అమ్మ బాగానే నడుపుతోంది. మీరు బయటికి చూడండి" అంది.

"ఏం కనబడుతుందే నాకు?"

"నేను చెప్తాగా."

ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది. బట్టల కొట్టుకి కొత్త రంగు వేశారు, సిగ్నలు దగ్గర ఎర్ర కుక్క పడుకుంది, బేకరీ ముందు ఇద్దరు గొడుగు కోసం పోట్లాడుకుంటున్నారు, డాక్టరు గారి ఇంటి ముందు కాగితం పూలు విరగబూశాయి. ఒక్కటీ వదల్లేదు.

మొన్న కట్టు విప్పాక అదే దారిలో నడిచి వెళ్ళాను. గొడుగు కోసం పోట్లాడుకున్నవాళ్ళు తప్ప, అది చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి. పూలు కూడా. అది చెప్పనిది ఒక్కటే ఉంది. ఆ పూల కింద, డాక్టరు గారి గోడ మీద, నేను ఆరు నెలల కిందట గీసిన గీత. "కొంచెం తగిలింది" అంది కదా. మలుపు దగ్గర మొదలై గేటు దాకా ఉందక్కా. అడుగులు వేసి కొలిచాను. పద్నాలుగు.

వెళ్ళి డాక్టరు గారి తలుపు తట్టాను.

నీ
తమ్ముడు