చీటీలో రాయని మందు

చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ బావకి దగ్గు తగ్గింది, నోరే తగ్గలేదు. నీ కొడుకు, మన బుడంకాయ, మందుకి మారాం చెయ్యడం లేదని రాశావు, సంతోషం. మాత్రని చెంచాడు నీళ్లలో నూరి పట్టు. సీసా పాలలో కలపకు, పాలు సగం వదిలేస్తే మందూ సగమే లోపలికి పోతుంది.

మీ అత్తగారి మాట చదివి ఒళ్లు మండింది. "కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకునుంటే ఈ జబ్బొచ్చేదా" అందా? పాపం, ఆవిడకి తెలీదు. నాకు తెలుసు.

"పుట్టిన మూడో రోజు మీ ఆసుపత్రిలోనే థైరాయిడ్ పరీక్ష బాగుందన్నారుగా అక్కా, నాలుగో నెలలో ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అని అడిగావు. రెండు ఉత్తరాలు దాటేశాను.

ఊడిపడలేదే. మొదట్నుంచీ ఉంది. ఏడో నెల నిండకుండా పుట్టాడు. నా ఉంగరం వాడి మోచేతి దాకా ఎక్కేది. ఆ మూడో రోజున రక్తపోటు నిలవక డోపమైన్ ఎక్కిస్తున్నాం. ఆ మందు ఎక్కుతున్నప్పుడు, థైరాయిడ్ తక్కువైతే పెరగాల్సిన అంకె పెరగకపోవచ్చు. జబ్బున్నా పరీక్ష బాగుందంటుంది. అందుకే రక్తం చీటీలో మందులకో గడి ఉంటుంది. అది నింపితే, మందు ఆపాక మళ్లీ పరీక్ష చేస్తారు.

ఆ రోజు వాడి మడమ గుచ్చింది నేనే. పెద్దమ్మని నేనుండగా ఇంకో నర్సెందుకని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు. చూడలేక గబగబా దుప్పటి కప్పి చీటీ పంపేశాను. ఆ గడి ఖాళీ.

పోయిన నెల ఆ చీటీ వెతికి పిల్లల డాక్టరుకి చూపించాను. "ఇప్పుడెవరడిగారు సిస్టర్, వదిలెయ్యండి" అన్నాడు. వదిలేశాను కూడా, మీ అత్తగారి మాటలున్న నీ ఉత్తరం వచ్చేదాకా. వచ్చిన రోజే పెద్ద డాక్టరుకి కాగితం మీద రాసిచ్చాను. పాత చీటీలన్నీ తిరగేశారు. ఇంకో ఇద్దరు పిల్లల చీటీల్లోనూ ఆ గడి ఖాళీ. అందులో ఒక చీటీ నా చేతి రాత. మళ్లీ పరీక్షకి తీసుకురమ్మని వాళ్లిళ్లకి కబురెళ్లింది. నన్ను పసిపిల్లల వార్డు నుంచి తీసేశారు. తియ్యాల్సిందే.

వాడి మెడ ఆలస్యంగా నిలబడింది ఇందుకేనా అని అడుగుతావు. కొంత ఇందుకే కావచ్చు. ఎంతో ఎవరూ చెప్పలేరు. కాదని నీకు అబద్ధం చెప్పలేను.

ఈ ఉత్తరం మీ అత్తగారికి గట్టిగా చదివి వినిపించు. నిన్నన్న మాటలన్నీ నాకు చెందాల్సినవి. క్షమించమని మాత్రం అడగను. నువ్వు మంచిదానివి, అడిగితే క్షమించేస్తావు.

ఇట్లు,
వాడి పెద్దమ్మ