దడ తగ్గకముందే ఇసిజి

జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,
రామన్నలంక గ్రామం, చర్చిపేట కాపురస్థుడు బందెల యేసుకుమార్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పిల్లలకు గుండె లయ తప్పి దడ వచ్చినప్పుడు, ఆ దడ ఉండగానే మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఇసిజి తీయించుట మరియు ఓపీ చీటీ తర్వాత రాయించుకొనుటకు అనుమతి గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఇదివరలో తాగునీటి గురించి, వీధి దీపాల గురించి వివిధ కార్యాలయములకు అర్జీలు పెట్టియున్నాను. వాటిలో "ప్రజారోగ్యం ప్రజల హక్కు" వంటి నినాదాలు రాశాను. అవి కరపత్రాల్లో చదివి నేర్చుకున్నవి, ఇప్పటికీ నమ్ముతున్నవి. ఈసారి రాయడం లేదు. ఓపిక లేదు. విషయం ఒక్కటే, అది కూడా చిన్నపిల్లది.

1. మా అక్క ఎలిజబెత్ కుమార్తె డయానా, వయస్సు తొమ్మిది సంవత్సరములు, నాలుగో తరగతి. మా ఇంటనే పెరుగుచున్నది. ఈ పిల్లకు ఉన్నట్టుండి గుండె దడ వచ్చుచున్నది. ఆడుకుంటుంటే వస్తుంది, అన్నం తింటుంటే వస్తుంది, ఊరికే కూర్చున్నా వస్తుంది. స్విచ్చి వేసినట్టు మొదలై, స్విచ్చి తీసినట్టు ఆగిపోతుంది. అప్పుడు మెడ పక్కన నరం ఎగిరెగిరి పడుట కంటికి కనబడును. మొహం పాలిపోవును, చెమట పట్టును. చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెడదామంటే లెక్క అందదు. మా అక్క విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల సీటు కవర్లు కుట్టే షాపులో పని చేస్తుంది. ఆ పని చూసిన పిల్ల గనుక, "మావయ్యా, లోపల అమ్మ మిషను తొక్కుతోంది" అని చెబుతుంది. ఇంతకంటే స్పష్టంగా ఏ పేషెంటు చెప్పగలదో తమరే సెలవియ్యాలి.

2. బడిలో డ్రిల్లు మాస్టారు బాలశౌరి గారు మంచివారే. మొదటిసారి దడ వచ్చినప్పుడు "ఎండ దెబ్బ, మజ్జిగ పట్టండి" అన్నారు. రెండోసారి "ఆట ఎగ్గొట్టడానికి నాటకం" అన్నారు. మూడోసారి భయపడ్డారు. అప్పటినుంచి ఆటల పీరియడులో పిల్లను వరండాలో కూర్చోబెడుతున్నారు. హెడ్మాస్టరు గారిని అడిగితే, "గుండె జబ్బుందని రాయించుకురండి, కూర్చోబెడతాం. లేదని రాయించుకురండి, ఆడిస్తాం. ఏదో ఒకటి తెండి బాబూ" అన్నారు. ఆ ఏదో ఒకటి మాకు ఎవ్వరూ ఇవ్వడం లేదు.

3. ఆరోగ్య కేంద్రంలో ఇసిజి మిషను ఉన్నది. బాగానే పనిచేస్తున్నది. దాని జోలికి పోవాలంటే ముందు ఓపీ చీటీ కావాలి. చీటీ రాసే వెంకటప్పయ్య గారు పిల్ల పేరు అడుగుతారు, ఆధార్ అడుగుతారు, ఫోను నంబరు అడిగి "ఓటీపీ వస్తది, చెప్పండి" అంటారు. ఆధార్‌కు జతచేసిన ఫోను మా అక్క దగ్గర ఉంటుంది. మా అక్క విజయవాడలో ఉంటుంది. అక్కడ మిషన్ల మోతలో ఫోను వినబడదు. నేను మళ్ళీ మళ్ళీ చేయగా ఎత్తి, "ఏందిరా, పిల్లకేమైంది?" అని ఏడుపు మొదలుపెడుతుంది. ముందు ఆమెను ఊరుకోబెట్టాలి, తర్వాత నంబరు చదివించుకోవాలి. ఈలోగా ఓటీపీకి గడువు తీరును. వెంకటప్పయ్య గారిది తప్పు కాదు, ఆయనకు పైనుంచి వచ్చిన పద్ధతి అదే. కానీ చీటీ చేతికొచ్చి, ఇసిజి తీసేసరికి గుండె మామూలుగా కొట్టుకుంటుంది. కాగితం మీద గీతలన్నీ బుద్ధిగా ఉంటాయి. "ఏం లేదు, భయం. ధైర్యం చెప్పండి" అంటారు అక్కడి డాక్టరుగారు. అయ్యా, అన్నం తింటూ దేనికి భయపడుతుంది?

4. విసిగిపోయి విజయవాడలో పిల్లల గుండె డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోతిమి. ఆవిడ పాత ఇసిజిలన్నీ చూసి, మా అమ్మ మణెమ్మను ఒక్క మాట అడిగారు. "దడ వచ్చినప్పుడు ఆసుపత్రికి బయల్దేరేముందు ఇంట్లో ఏం చేస్తారమ్మా?"

మా అమ్మకు ఇది పరువుకు సంబంధించిన ప్రశ్న. "కుండ నీళ్ళతో శుభ్రంగా మొహం కడుగుతానండి. చల్లటి తడి తువాలు మొహాన అదిమి, మట్టంతా తుడిచి, పౌడరు రాసి, జడేసి తీసుకుపోతాను. డాక్టర్లు ముట్టుకునే పిల్ల గదండీ. మురికి మొహంతో తీసుకుపోతే, ఆ పేటోళ్ళు ఇంతేలే అంటారు."

డాక్టరమ్మ నవ్వారు. నవ్వి, "మీరు ఇంట్లోనే వైద్యం చేసేసి, నయమయ్యాక నా దగ్గరకు తెస్తున్నారమ్మా" అన్నారు. ఈ రకం దడ కొందరు పిల్లల్లో చన్నీళ్ళు మొహానికి తగిలితే ఆగిపోతుందట. బలంగా ముక్కించినా, సిరంజిలోకి ఊదించినా కొన్నిసార్లు ఆగుతుందట. అలా ఆగకపోతే ఇంజెక్షను ఉన్నదట. మళ్ళీ మళ్ళీ రాకుండా మాత్రలున్నాయి, కొంచెం పెద్దయ్యాక కాలి నరంలోంచి సన్నటి తీగ పంపి మూలంలోనే సరిచేసే పద్ధతి కూడా ఉన్నదట. అయితే ఏది చేయాలో తేలాలంటే దడ నడుస్తుండగా తీసిన ఇసిజి ఒక్కటి కావాలి. "స్పృహ తప్పినా, బాగా నీరసించినా ఇసిజి కోసం చూడొద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. పిల్ల తెలివిగా, మాట్లాడుతూ ఉంటే మాత్రం నీళ్ళకు ముందు ఇసిజి తీయించండి" అని గట్టిగా చెప్పారు.

ఆ రోజు బస్సు దిగాక మా అమ్మ, "నా చేత్తో నేనే దాచేశానా రా?" అని అడిగింది.

5. కాబట్టి ప్రస్తుతం మా ఇంట్లో పరిస్థితి ఏమనగా, తొమ్మిదేళ్ళ పిల్లకు దడ ఎప్పుడు వస్తుందా అని ఇంటిల్లిపాదిమీ ఎదురు చూస్తున్నాం. అది కూడా ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండగా రావాలి, ఆదివారం రాకూడదు, మా అక్క ఫోను ఎత్తే వేళ రావాలి. రాత్రి ప్రార్థనలో మా అమ్మ ఏమని అడగాలో తెలియక ఊరికే తల వంచుకుని కూర్చుంటోంది. ఇట్లాంటి ఎదురుచూపు ఏ ఇంటికీ రాకూడదు.

కావున తమరు దయతో:

దడతో వచ్చిన పిల్లకు ముందు ఇసిజి తీసి, చీటీ తర్వాత రాయవలెనని ఉత్తరువు ఇప్పించవలెను. బడి పంతుళ్ళకు, ఆశా కార్యకర్తలకు ఈ దడను గుర్తుపట్టుట నేర్పించవలెను. పరుగెత్తుతూ గానీ, ఉలిక్కిపడి గానీ పిల్ల స్పృహ తప్పితే అది నీరసం అనుకోరాదని, వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెనని వారికి చెప్పించవలెను. పాలు తాగలేక చెమటలు పట్టి ఆయాసపడే చంటిపిల్లల సంగతి కూడా అందులో చేర్పించవలెను. వాళ్ళు మిషను తొక్కుతోందని చెప్పలేరు.

తమరు చిత్తగించి, తగు ఉత్తరువు దయచేయించవలెనని వేడుకొను,

తమ విధేయుడు
(అలసిపోయిన విధేయుడు)
బందెల యేసుకుమార్

తాజా కలం: సార్, ఈ అర్జీ తమకు ఇద్దామని బందరు బస్సు కోసం నిలబడి ఉండగా, మా అమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల నన్ను చూసి నవ్వుతూ "మావయ్యా, వచ్చేసింది!" అంది. ఎదురు చూశాం కదా, మాకు కానుక తెచ్చాననుకుంది. మొహం నిండా చట్నీ. మా అమ్మ ఆరోగ్య కేంద్రం దాకా దారి పొడుగునా తన కొంగు దాని మొహానికి అడ్డం పెట్టి నడిచింది.

వెంకటప్పయ్య గారు "ఫోన్ నంబరు?" అన్నారు. నేను నోరు తెరవబోయాను. ఆ తెరవబోయింది నంబరు చెప్పడానికి కాదు. ఇంతలో ఇంజెక్షన్ల గదిలోంచి నర్సు రుచిత గారు వచ్చి పిల్ల మెడ చూశారు. "చీటీ తర్వాత, ముందు పడుకోబెట్టండి" అన్నారు. ఇసిజి తీసి, కాగితం నా చేతికిచ్చి, డాక్టరుగారికి ఫోనులో చెప్పి, మా అమ్మవైపు తిరిగి "ఇప్పుడు కడగండమ్మా" అన్నారు. మా అమ్మ కడిగింది. దడ ఆగింది.

మర్నాడు ఆ కాగితం విజయవాడ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చూసిన వెంటనే జబ్బు పేరు చెప్పారు, మాత్రలు మొదలుపెట్టారు, నయమయ్యేదే అన్నారు. బడికి కూడా రాసిచ్చారు.

తిరిగొచ్చేసరికి, చీటీ లేకుండా పరికరం వాడినందుకు సంజాయిషీ ఇవ్వమని రుచిత గారికి మెమో ఇచ్చారని తెలిసింది. జవాబు నేను రాసిపెడతానంటే, "వద్దు తమ్ముడూ, నువ్వు రాస్తే ఉన్న ఉద్యోగం కూడా పోద్ది" అన్నారు.

నిజమే. అందుకని ఆ సంగతి అర్జీలాగా రాయడం లేదు. ఊరికే అడుగుతున్నాను. పైన అడిగినవన్నీ తమ వీలు చూసుకుని చేయండి. ఆ మెమో మాత్రం ఇవాళే తీసేయండి సార్.