గాలి ఎక్కువైన బండి

3 ఫిబ్రవరి 2025, సోమవారం

డాక్టర్ ఉషాదేవి మేడమ్ బండి వచ్చింది. ఊరి అవతలి కొసకున్న ఆల్థాన్ నుంచి ఇంత దూరం, కోసాడ్‌ల మా రిపేరు షెడ్డుకే తెస్తది. ఎప్పుడొచ్చినా భాగ్య ఉన్నదా అని అడిగి నా చేతులనే తాళం పెడుతుండె. ఇయ్యాల బాపు ఎదురువోయిండు. మా అల్లుడొచ్చిండు మేడమ్, హైదరాబాద్‌ల పెద్ద సర్వీస్ సెంటర్‌ల చేసిండు, స్కానర్ కూడ తెచ్చుకున్నడు అన్నడు. మేడమ్ తాళం మా చెల్లె మొగడు ప్రణీత్‌కు ఇచ్చింది. నేను పక్కనే ఉన్న. నా చేతులకు గ్రీజు ఉన్నదని ఇయ్యలేదేమో అనుకున్న. ప్రణీత్ చేతులకూ గ్రీజే.

సిగ్నల్ కాడ ఆగితే ఇంజన్ వణుకుతుందట. చెక్ లైట్ పోతలేదట. స్కానర్ పెడితే లీన్ అని వచ్చింది. అంటే ఇంజన్‌లకు గాలి ఎక్కువ పోతుంది, పెట్రోల్ తక్కువ. గీ ముక్కకు కంప్యూటర్ కావాల్నా? నేను బానెట్ కాడ నిలవడి విని చెప్పేదాన్ని.

4 ఫిబ్రవరి

ప్రణీత్ సెన్సర్ మార్చిండు. బాపు పక్కన నిలవడి టార్చి పట్టిండు. నాకెన్నడు పట్టలే.

7 ఫిబ్రవరి, శుక్రవారం

లైట్ మళ్ల వచ్చింది! నాకు మస్తు సంతోషమైంది. ఇది ఎవ్వరు చదవరు కాబట్టి రాస్తున్న.

ప్రణీత్ ఇంజెక్టర్లు కడిగిండు. పెట్రోల్ పంపు చూసిండు. బానెట్ కింద ఒక్కొక్క పైపు మీద స్ప్రే కొట్టి, ఎక్కడన్న గాలి గుంజుతుందా అని వెతికిండు. దొరకలే. అయినా బాపు మొకంల కోపం లేదు. పిలగానికి ఓపిక ఎక్కువ అన్నడు. నాకు ఆలస్యమైతే మాత్రం కస్టమర్ ముందటనే తిడతడు.

బాపు సగం బతుకు బట్టలు నేసే లూమ్ కార్ఖానల పోయింది. ఆ సప్పుడుకు చెవులు పోయినయ్. షెడ్డు పెట్టినప్పుడు ఇంజన్ సప్పుడు ఆయనకు తెల్వకపోతుండె. నేను విని చెప్తుంటి, ఆయన విప్పుతుండె. అట్లనే నేర్చుకున్న. ఇప్పుడు స్కానర్ మీద అక్షరాలు పెద్దగ కనవడుతున్నయ్. ఇగ నాతోని ఏం పని.

మా చెల్లె అక్షర చాయ్ తెచ్చింది. ముందు మొగనికి, తర్వాత బాపుకు, ఆఖరుకు నాకు. మూతి ఎందుకట్ల పెట్టినవ్ అక్కా అని అడిగింది. చాయ్‌ల చక్కెర తక్కువైంది అన్న.

9 ఫిబ్రవరి, ఆదివారం, పొద్దున

షెడ్డుల ఎవ్వరు లేరు. మేడమ్ బండి ఎండల ఉంటే నీడకు పెడదామని స్టార్ట్ చేసిన. ఏసీ పెట్టలే. బ్రేక్ మీద కాలు వెట్టంగనే కాళ్ల కాడ సుయ్‌మన్నది. ఇంజన్ కుంగింది. కాలు తీసిన. ఆగింది. మళ్ల తొక్కిన. మళ్ల సుయ్.

బ్రేక్ బూస్టర్, పెడల్‌ను అల్కగ తొక్కనిచ్చే డబ్బా. లోపటి రబ్బరు చినిగింది. పెడల్ దిక్కు నుంచి ఇంజన్‌లకు గాలి పోతుంది. బానెట్ కింద ఏడాది వెతికినా దొరకది. పెడల్‌ను కట్టెతోని తొక్కిపెట్టి, బూస్టర్‌కు పోయే పైపును ప్లయర్‌తోని నొక్కి చూసిన. ఇంజన్ నిమ్మళమైంది.

పైపు వదిలేసిన. బానెట్ మూసేసిన.

ఎవ్వరికి చెప్పలే. వెతుకనియ్యి.

10 ఫిబ్రవరి

ప్రణీత్ ఏదో కడిగి లైట్ పోగొట్టిండు. పొద్దుందాక రాలే. బాపు అందరికి మిఠాయి తెప్పిచ్చిండు. నేను తినలే.

11 ఫిబ్రవరి, మంగళవారం

రాయాల్నా వద్దా అనుకుంటనే రాస్తున్న.

పొద్దున బాపు మేడమ్ బండిని ట్రయల్‌కు తీసిండు. ప్రణీత్ పక్క సీట్ల, ఒళ్లె స్కానర్. అమ్రోలిల దింపమని అక్షర వెనుక ఎక్కింది. గేటు కాడ బాపు బ్రేక్ తొక్కిండు. నాకు ఇక్కడిదాక వినవడ్డది, లేకపోతే వినవడ్డదనుకున్న. బూస్టర్ ఇయ్యాలనే పోతదా ఏంది అనుకున్న. బండి మలుపు తిరిగింది.

అప్పుడు భయమైంది. ఫోన్ చేస్తే బాపు ఫోన్ బల్ల మీదనే మోగింది. ప్రణీత్ ఎత్తలే. స్కూటర్ తీసిన.

బ్రిడ్జి దిగేకాడ దొరికిండ్రు. పెడల్ రాయి లెక్క అయిందట. బాపు రెండు కాళ్లతోని తొక్కి, హ్యాండ్‌బ్రేక్ గుంజిండు. ముందట చీరల మూటల టెంపో. దానికి మూరెడు దూరంల ఆగింది. అక్షర నుదురు ముందు సీటుకు తగిలింది. బాపు ఫుట్‌పాత్ మీద కూసున్నడు. ప్రణీత్ అప్పటికే బానెట్ ఎత్తిండు.

బూస్టర్ పోయింది, లీన్ కూడ దానితోనే అన్న. ప్రణీత్ లోపల కూసోని తొక్కిండు, విన్నడు. వదినా, చూడకుండ ఎట్ల చెప్పినవ్ అని నోరు తెరిచిండు.

ఎప్పుడు తెలిసింది అని బాపు అడిగిండు.

ఆదివారం అన్న.

లారీలు పోతున్నయ్, ఆయనకు వినవడలే. చెయ్యి చెవికాడ పెట్టుకున్నడు. మళ్ల చెప్పాల్సి వచ్చింది, గట్టిగ. ఆదివారం బాపు! రోడ్డు మీద మనుషులు తిరిగి చూసిండ్రు. అక్షరకు మాత్రం మొదటి మాటకే వినవడ్డది.

12 ఫిబ్రవరి

నేను వెనుక ఎక్కినప్పుడు కూడ నీకు తెలుసా అని అక్షర అడిగింది. తెలుసు అన్న.

14 ఫిబ్రవరి, శుక్రవారం

కొత్త బూస్టర్ వచ్చింది. ప్రణీత్, నేను కలిసి ఎక్కిచ్చినం. పెడల్ కింద సందు చిన్నది, నా చెయ్యే పట్టింది. ఇంజన్ మంచిగ నడుస్తుంది. బ్రేక్ తొక్కినా సప్పుడు లేదు, లైట్ లేదు.

మేడమ్ వచ్చి ఏమైందని అడిగింది. మా వదిన పట్టుకున్నది మేడమ్ అన్నడు ప్రణీత్. ఎప్పుడు పట్టుకున్నదో చెప్పలే. మేడమ్ నా దిక్కు చూసి, భాగ్యనే పడుతదని నాకు తెలుసు అన్నది. నేల మీద స్పానర్లు ఏరుకున్న.

ప్రణీత్ చెడ్డోడైతే నాకు ఎంత నిమ్మళంగ ఉంటుండె.

17 ఫిబ్రవరి

ఆ దినం నుంచి నాతోని మాట్లాడని బాపు ఇయ్యాల మాట్లాడిండు. పద, బండ్లు ఉన్నయ్ అన్నడు. గంతే.

సప్పుడు వినుడు నేర్పు వదినా అని ప్రణీత్ అడిగిండు. వద్దనడానికి నాకు మొకం లేదు. ఏసీ బందు చెయ్యి, ఫోన్ పక్కకు పెట్టు, కండ్లు మూసుకో అన్న. చిన్నపిలగాని లెక్క మూసుకున్నడు.

2 మార్చి, ఆదివారం

ఒక బండి ఇంకా గేటుల నుంచి లోపలికి వస్తనే ఉన్నది. ఎడమ చక్రం బేరింగ్ గదా వదినా అన్నడు ప్రణీత్, కండ్లు మూసుకొనే. నాకు ఇంకా ఏం వినవడలే. అవును అన్న. జాకీ తెచ్చిచ్చిన.