ఎర్రదా, ఆకుపచ్చదా?

అక్కా,

బావ దాచుకున్న రెండు పాత టాపు తీసే కార్లలో ఏది అమ్మాలో చూసి చెప్పమన్నావు. నువ్వు ఆఫీసుకు వెళ్లాక, బావను పక్కన కూర్చోబెట్టుకుని రెండూ నడిపాను.

ఎర్రది ఇటలీ బండి. గేర్లు వెన్నలా పడతాయి, టాపు ఒంటిచేత్తో వెనక్కి తోసేయవచ్చు. ఆకుపచ్చది ఇంగ్లీషు బండి, ఒట్టి మొండిఘటం. స్టీరింగ్ తిప్పేసరికి నా భుజాలు దిగిపోయాయి. బుద్ధున్నవాడెవడైనా ఎర్రదాన్నే ఉంచుకోమంటాడు.

కానీ పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ బావకు మాట లేదు కదా. ఎర్రబండిలో బొమ్మలా కూర్చున్నాడు. ఆకుపచ్చదాంట్లో, మలుపు దగ్గర నేను గేరు తప్పు వేశాను. బండి కరకరమంది. బావ కుడిచేయి నా చేతిమీద పడింది. గేరు సరిగ్గా నెట్టి, ముద్దముద్దగానే అయినా, "ఒరేయ్, మెల్లగా! దాని పళ్లు రాలగొడతావా?" అన్నాడు.

బండి పక్కకు ఆపి కాసేపు ఏడ్చాను. సాయంత్రం నీకు చెబుదామంటే, మళ్లీ మాట్లాడకపోతే నువ్వు తట్టుకోలేవని నోరు రాలేదు.

ఎర్రదాన్ని అమ్మేయ్. ఆకుపచ్చది నువ్వే నడపడం నేర్చుకో. గేర్లు తప్పే వెయ్యి, బావను తిట్టనీ.

నీ తమ్ముడు