గోడ మీది ఎర్ర అక్షరాలు

నల్లమాడ,
12-6-2004, శనివారం.

అక్క హేమలతకు తమ్ముడు ఓబుళేసు నమస్కారాలు.

ఇక్కడ అమ్మ, నేను, నీ కొడుకు తిప్పేష్ ముగ్గురమూ బాగున్నాం. బాగాలేనిది మబ్బు ఒక్కటే, రోజూ వచ్చి చూసి పోతోంది. బెంగుళూరులో మీరు పనిచేసే బిల్డింగు ఎన్నో అంతస్తుకు వచ్చిందో రాయి.

ఇక అసలు సంగతి. నిన్న జయరాం బావ ఎస్టీడీ బూతుకు ఫోన్ చేశాడు. కదిరి కాన్వెంటువాళ్లు తిప్పేష్‌ను చేర్చుకోలేదని చెప్పగానే, "వానికి సదువు రాదులేప్పా, గొర్రెలెంబడి తోలు" అన్నాడు. అంతటితో ఆగక, "అన్నీ నీ పోలికలే వానికి" అని కూడా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఫోన్ పెట్టేశాడు. అందుకే జవాబు ఉత్తరంలో రాస్తున్నాను. బావకు చదివి వినిపించు.

ఐదేళ్ల పిల్లోడికి ఏం రాదంట? అక్షరాలు వచ్చు. పోయిన ఏడాది మే డేకు లేబులు చిరిగిన రంగు డబ్బా చవకగా దొరికితే, బస్టాండు గోడ మీద "చేసిన పనికి తగిన కూలి" అని నిలువెత్తు ఎర్ర అక్షరాలు రాశాను కదా. తిప్పేష్ దాని ముందే కూర్చుని పుల్లతో మట్టిలో దిద్దుకున్నాడు. వాడికి ముందు వచ్చింది "కూ". అ, ఆలు తర్వాత వచ్చాయి. వరస తప్పితే కొంపేం మునగలేదు. గొర్రెల సుంకన్న మాత్రం ఆ గోడ చూసినప్పుడల్లా పకపకా నవ్వుతాడు. నవ్వనీ. కూలి అడిగితే నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

లెక్కలకు చెనక్కాయ గింజలు పెట్టాను. పది పేర్చేలోపు రెండు నోట్లో వేసుకుంటాడు. అందుకే వాడికి కూడిక కన్నా తీసివేత ముందొచ్చింది. గుండ్రం ఏదిరా అంటే సంగటిముద్ద చూపిస్తాడు. మూడు మూలలది ఏదిరా అంటే ఆరిన పొయ్యి దగ్గరికి ఉరికి మూడు రాళ్లూ ముట్టి వస్తాడు. రంగులు కూడా నేనే దగ్గరుండి నేర్పాను.

కాన్వెంటులో మేడం ఒక చెక్క ముక్క చూపి రంగు అడిగింది. తిప్పేష్ ఆకుపచ్చ అన్నాడు. అది ఎరుపంట! ఈ వయసుకు ఎరుపు కూడా తెలియకపోతే మందబుద్ధి ఏమో చూపించుకోండి అనింది. నాకు ఒళ్లు మండింది. "మీ చెక్క వెలిసిపోయింది మేడం, ముందు దానికి రంగేయించండి" అని అరిచాను. వాచ్‌మన్ "పదన్నా, పద" అంటూ నన్ను బయటికి తెచ్చాడు. గేటు దగ్గర తిప్పేష్ నా వేలు పట్టుకొని, "నేను సెప్పింది తప్పా మామా?" అన్నాడు. కాదురా అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

అనంతపురం సభలో కొన్న చిన్న పుస్తకంలో ఒక మాట ఉంది. పిల్లవాడు తప్పు చెబితే ముందు పాఠాన్ని అనుమానించాలంట. మన నాయనకు ఆ పుస్తకం దొరికి ఉంటే బాగుండేది. మిరపపండ్లు కోయమంటే నేను పచ్చికాయలు కూడా కోసుకొచ్చేవాణ్ణి, గుర్తుందా? "పొగరెక్కినాది నీకు" అని చర్నాకోల తీసేవాడు. ఆయన చూసేలోపు నువ్వు నా గంపలో పచ్చివి గబగబా ఏరేసేదానివి. నాకు ధ్యాస తక్కువ, అంతే. ఆ దెబ్బలతో ధ్యాస రాలేదు. తిప్పేష్ మీద ఆ చర్నాకోల పడనివ్వను.

సోమవారం వాణ్ణి మన సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేర్పిస్తాను. బావను నువ్వు ఒప్పించు. ఒప్పుకోకపోతే వచ్చి నాతో మాట్లాడమను, బడి గడప మీదే కూర్చొని ఉంటాను.

ఇట్లు,
వంగని నీ తమ్ముడు,
ఓబుళేసు.

తా.క. (ఆదివారం): పోస్టు డబ్బా తీసే వేళ దాటిపోయి ఉత్తరం జేబులోనే ఉండిపోయింది. మంచిదే అయింది.

ఈరోజు అమ్మ కంటిపొర చూపిద్దామని కదిరిలో కంటి శిబిరానికి పోయాం. అమ్మ ఊరుకోక, "సామీ, ఈ పిల్లోనికి రంగులు తెలీవంట, రవ్వంత సూడు" అనింది. డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. తిప్పేష్ పేజీ అంతా వెతికి లేదన్నాడు. నేను లేచాను. "వానికి ఇరవై దాకా వచ్చు సార్! లేని అంకె అడిగి పిల్లోణ్ణి ఎందుకు సతాయిస్తారు?" అన్నాను. వెనక వరసలో ఒక పిల్ల "ఆరు!" అని అరిచింది. డాక్టరు నా మొహం చూసి, "ఏమప్పా, నీకూ కనపళ్లేదా?" అన్నాడు.

మా ఇద్దరికీ ఎరుపూ ఆకుపచ్చా సరిగా వేరుపడవంట. పుట్టుకతోనే అంతంట. తల్లి వైపు నుంచి వస్తుందంట. చదువుకు అడ్డం కాదని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. కాబట్టి బావ అన్నది నిజమే, మేనమామ పోలికే. ఇది కూడా చదివి వినిపించు.

బస్సు దిగగానే సుంకన్నను పట్టుకొని, గోడ మీద అక్షరాలు ఏ రంగని అడిగాను. "ఈ కరువులో ఊరంతటికీ పచ్చంగా ఉండాది అదొక్కటే కదప్పా! ఎర్రక్షరాలని నువ్వు సెప్పుకుంటాంటే ఏడాదినుంచి నవ్వలేక సస్తాండా" అన్నాడు.

తిప్పేష్‌కు అదేం పట్టలేదు. గోడ దగ్గరికి పోయి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి "చేసిన పనికి తగిన కూలి" అని ఆ చివరి దాకా చదివాడు. సుంకన్న నవ్వు ఆపేశాడు. "అట్లనా రాసిండేది?" అని మళ్లీ చదివించుకున్నాడు.

గోడకు మళ్లీ రంగు వేయను. రేపు బడికి పోతున్నాం.