ఆగ్నెస్ కడుపులో అవశేషం

కాకినాడ,
3 ఫిబ్రవరి 1957

పూజ్యులైన నాన్నగారికి ఆగ్నెస్ నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఉంది. రేపు లూయిస్ గారు తన నావ మీద యానాం వస్తున్నారు. నేను ఆసుపత్రిలో ఉన్నానని ఆయన నోట వినేకంటే నా ఉత్తరంలో వినడం మేలు. భయపడకండి. పోయిన సోమవారం కడుపులో కుడివైపు నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేసి ఉండుకం అనే చిన్న పేగుముక్క తీసేశారు. నా చిటికెన వేలంత కూడా లేదు. ఇప్పుడు గంజి తాగుతున్నాను. లేచి నడుస్తున్నాను.

మా జంతుశాస్త్రం లెక్చరర్ వీరభద్రరావు గారు చూడడానికి వచ్చారు. ఉండుకం మన శరీరంలో మిగిలిపోయిన అవశేషమనీ, ఎంతో పూర్వకాలం నుంచి వస్తున్నదనీ చెప్పారు. డాక్టరు గారిని అడిగి దాన్ని సీసాలో పెట్టించి కాలేజీ బీరువాలో ఉంచారు. సీసా మీద నా పేరు రాశారు.

దీనితో ఒక కాగితం పంపుతున్నాను. వచ్చే ఏడు జంతుశాస్త్రం ప్రత్యేకంగా చదవడానికి తండ్రి అనుమతి కావాలి. కింద గడిలో మీ వేలిముద్ర వేసి పంపండి. అది లేకపోతే నా చదువు ఈ వేసవితో ఆఖరు.

మీ కుమార్తె,
ఆగ్నెస్

తా.క. ఉమామహేశ్వరం గారికి నమస్కారాలు. ఈ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించేటప్పుడు ఆపరేషన్ అన్న మాట దగ్గర ఆగవద్దని మనవి. గబగబా గంజి దాకా వెళ్ళండి.


యానాం,
9 ఫిబ్రవరి 1957

శ్రీరామ ✝

చిరంజీవి ఆగ్నెసుకి మీ నాన్న ఆంథోనీ దీవించి రాయించునది. చెప్పింది చెప్పినట్టు రాయమని ఉమామహేశ్వరం గారికి చెప్పేను.

అమ్మా, ఆయన గబగబానే చదివేరు. గంజి దాటేక అవశేషం కాడ ఆగిపోయేరు. "ఆంథోనీ, ఇది మీ చర్చిలో మాట కదయ్యా" అన్నారు. నాకూ తెలుసు. పండక్కి ఫాదర్ గారు గాజుపెట్టిలో పునీతుల ఎముకముక్క చూపించి, ఇది అవశేషం, ముద్దెట్టుకోండి అంటారు. అలాంటిది నీ కడుపులో ఉందని మీ అమ్మని కేకేసి చెప్పేను. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ తెరేసా ఆ గాజుపెట్టిని మూడుసార్లు ముద్దెట్టుకుందంట. పద్దెనిమిదేళ్ళు నాతో ఈ మాట అన్లేదు.

మరి దాన్ని కాలేజీ బీరువాలో పెడతారా? ఆ బీరువాలో కప్పలున్నాయంట, లూయిస్ గారు చెప్పేరు. పున్నమి పోటుకి నేను కడతన్న ఈ పడవ నీళ్ళలోకి దింపాలి గానీ, లేకపోతే ఈపాటికి కాకినాడలో ఉందును. మిగిలిన టేకు చెక్కతో దానికి పెట్టి చేస్తన్నాను. నువ్వు వచ్చేటప్పుడు దాన్ని తెచ్చెయ్యి. ఈ సంగతి తేలేదాకా వేలిముద్ర వెయ్యను.

మీ నాన్న,
ఆంథోనీ

తా.క. ఇది ఉమామహేశ్వరం రాస్తున్నది. పెట్టెకు కొలతలు కావాలి. సీసా మూతతో కలిపి ఎన్ని అంగుళాలు?

మళ్ళీ తా.క. పైన అలవాటు చొప్పున శ్రీరామ అని రాసి కొట్టేయబోయాను. మీ నాన్న చూసి, ఉంచండి, పక్కన సిలువ గీయండి, పిల్ల ఆసుపత్రిలో ఉంది అన్నాడు. అందుకని రెండూ ఉన్నాయి.


కాకినాడ,
13 ఫిబ్రవరి 1957

పూజ్యులైన నాన్నగారికి ఆగ్నెస్ నమస్కారాలు.

తప్పు నాదే. పుస్తకంలోని మాటను ఉన్నట్టే రాశాను. మన ఇంట్లో ఆ మాటకు వేరే అర్థం ఉందని ఆలోచించలేదు. నా కడుపులోంచి తీసినది పునీతులది కాదు. అలాంటిది మీకూ ఉంది, అమ్మకూ ఉంది, ఉమామహేశ్వరం గారికీ ఉంది. ఒకప్పుడు పనిచేసి, ఇప్పుడు పెద్దగా పని లేకుండా మిగిలిపోయినదాన్ని శాస్త్రంలో అవశేషం అంటారు. చెవులు కదిపే కండలు అలాంటివే. వెన్ను చివరి ఎముక కూడా అంతే. మన పూర్వీకులకు అక్కడ తోక ఉండేదట.

దేవుడే తెలివిగా ఆలోచించి మనిషిని చేసి ఉంటే అక్కరలేనివి ఎందుకు వదులుతాడు, కాబట్టి మనిషి పూర్వపు జంతువుల నుంచి కొద్దికొద్దిగా మారుతూ వచ్చాడని లెక్చరర్ గారి వాదన. మనకు తెలియనంత మాత్రాన అక్కరలేదనుకోవడం గర్వమని హాస్టల్లో సిస్టర్ గారు అంటారు. ఇద్దరి మాటా విన్నాను. ఏది నిజమో నాకు తెలియదు. తెలుసుకోవాలనే ఆ కాగితం పంపాను. మార్చి పదిహేను దాటితే తీసుకోరు.

మీ కుమార్తె,
ఆగ్నెస్

తా.క. పెట్టె ఆపండి.

మళ్ళీ తా.క. అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమో. మూడు ముద్దులకూ ఫలితం నేను మొత్తంగా అని చెప్పండి, ఆ ముక్క ఒక్కటే కాదు.


యానాం,
26 ఫిబ్రవరి 1957

చిరంజీవి ఆగ్నెసుకి మీ నాన్న దీవించి రాయించునది.

పడవ దిగింది. అందుకే ఆలస్యం. మన పూర్వీకులు అన్న మాట వినగానే మీ అమ్మ నా వంక చూసింది. తోక మా వైపు నుంచే వచ్చిందని తేల్చేసింది. మా నాన్న చెవులు కదిపేవోడు, ఊరంతా చూసేరు, కనక నేను మాట్టాడ్డానికి లేదు. ఏం ఆంథోనీ, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఆపరేషను చేయించాలా అని లూయిస్ గారు అందరిలో అడిగేరు. అవన్నీ పడతాను.

పడలేనిది ఒకటుంది. తెలివున్నోడు అక్కర్లేనిది వదలడన్నారు చూడు మీ కాలేజీ అయ్యగారు, ఆయన ఎప్పుడూ పాత నావ బాగుచేసి ఉండరు. లూయిస్ గారి నావకి తెరచాప తీసేసి పదేళ్ళయ్యింది. ఇప్పుడు గెడేసి నడుపుతున్నారు. తెరచాప కొయ్య నిలబెట్టే గుంట అడుగున అలాగే ఉంది. దానివల్ల పనేం లేదు. వానొస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి. ఎందుకు పూడ్చలేదు? దాన్ని కదిపితే పక్క చెక్క పగులుద్ది. తెలివిలేక కాదమ్మా, తెలివుండే వదిలేను.

నా మాటగా ఆయన్ని అడుగు. గుంట చూసి ఒకప్పుడు తెరచాప ఉండేదన్నారు, బాగానే ఉంది. గుంట చూసి వడ్రంగి లేడని ఎలా చెప్పేరు?

ఆయన జవాబు నాకు కావాలి. నేనొచ్చి ఆయన కలాసులో కూర్చోలేను. నువ్వు కూర్చోవాలి. కాయితం దీంతో పంపుతున్నాను. పెట్టి సగంలో ఆపేను.

మీ నాన్న,
ఆంథోనీ

తా.క. ఉమామహేశ్వరం రాస్తున్నది. ఫ్రెంచివారి కచేరీలో ముప్ఫై ఏళ్ళు కర్ర కుర్చీలో కూర్చున్నవాణ్ణి. వెన్ను చివర ఎముక ఉందని నాకు ఏ కాలేజీ చెప్పనక్కరలేదు.

మళ్ళీ తా.క. కాగితం మడత జాగ్రత్తగా విప్పు. రెండు వారాలుగా మా అరుగు మీద బలపాలు అరిగిపోతున్నాయి. ఇంతకంటే చెప్పనని మీ నాన్నకు మాటిచ్చాను.


కాకినాడ,
7 మార్చి 1957

పూజ్యులైన నాన్నగారికి ఆగ్నెస్ నమస్కారాలు.

మీ ప్రశ్న లెక్చరర్ గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. ఉత్తరం చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివారు. తరవాత ఇలా అన్నారు. నావలు పిల్లల్ని కనవు. ఒకవేళ కని, ప్రతి పిల్లా కాస్త తేడాగా పుట్టి, పనికిరానివాటిని గోదావరి ముంచేస్తూ ఉంటే, వేల తరాలకు వడ్రంగి చెయ్యి పడకుండానే మంచి నావ మిగులుతుంది. గుంట కూడా మిగులుతుంది. జీవులకు జరిగింది అదే అన్నారు.

మొదటి నావ ఎక్కడిదండీ అని అడిగాను. ఇంతలో గంట కొట్టారు. సోమవారం చెబుతానన్నారు. సోమవారం ఆయన రెండు గంటలు చెప్పారు, నేను పదకొండు పేజీలు రాసుకున్నాను. ఆయన మాటలో బలం ఉంది. మీ ప్రశ్న మాత్రం ఇంకా అక్కడే ఉంది. నేను ఎటూ తేల్చుకోలేదు.

కాగితం విప్పాను నాన్నగారూ. ఆంథోనీ అని మీ సంతకం ఉంది. థో లో చుక్క పక్కకు జరిగింది. చివరి దీర్ఘం చుక్కానిలా వంగింది. కింద వేలిముద్ర గడి ఖాళీగా ఉంది. మన ఇంట్లో ఇక అదొక అవశేషం అనుకున్నాను.

కాలేజీ గుమాస్తా గారు ఒప్పుకోలేదు. నేను చేరినప్పటి కాగితం తీసి పక్కన పెట్టారు. అందులో మీ వేలిముద్ర ఉంది. "వేలిముద్ర వేసినాయనా సంతకం పెట్టినాయనా ఒకరే ఎలా అవుతారమ్మా? ఇద్దరూ వేరు" అన్నారు.

"కొద్దికొద్దిగా మారారండీ" అన్నాను.

సాక్ష్యం తెమ్మన్నారు.

అందుకని కొత్త కాగితం పంపుతున్నాను. సంతకం పెట్టి, గడిలో వేలిముద్ర కూడా వెయ్యండి. ఆ గడి ఎందుకు వదిలి ఉంచారో ఇప్పుడు తెలిసింది.

మీ కుమార్తె,
ఆగ్నెస్

తా.క. పెట్టె పూర్తి చెయ్యండి. కొలతలు ఇవి: పొడుగు పదమూడున్నర అంగుళాలు, వెడల్పు తొమ్మిది. గుమాస్తా గారు మీ మొదటి కాగితం చించబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఇక దాన్ని మడవకూడదు.

మళ్ళీ తా.క. మార్చి పదిహేను శుక్రవారం. ఆలోగా మీ జవాబు నాకు అందాలి. ఉమామహేశ్వరం గారు రాసినా సరే. పైన ఒక్క మాటైనా మీరు రాయండి.